అరవై వాక్యాలకు అత్త జవాబులు

ఎస్‌బ్యెర్,
14 జనవరి 2006

గెర్డా అత్తకు,

నువ్వు పంపిన పొగబెట్టిన చేపలు అందాయి. పోస్టు తెచ్చే ఆయన వాసన భరించలేక ఆ పొట్లాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని ఇచ్చాడు. రెండు రోజుల్లో అన్నీ నేనొక్కదాన్నే తినేశాను.

ఫోన్ చేసి మాట్లాడొచ్చు. కానీ ఫోన్లో నువ్వు సగమే వింటావు, మిగతా సగం నీ అంతట నువ్వే కల్పించుకుంటావు. అందుకని రాస్తున్నాను. అత్తా, నేనొక వెధవ పని చేశాను. నీకు తెలియకుండా నిన్ను కూడా అందులోకి లాగాను.

మా పని నీకు తెలిసిందే. ఎనిమిది మందిమి పొద్దున్నే పడవెక్కి సముద్రంలోని గాలిమరల దగ్గరికి పోతాం. ఇద్దరిద్దరం ఒక్కో స్తంభం ఎక్కి, మరమ్మతు చేసి దిగుతాం. ఎస్కిల్, నేను నాలుగేళ్ళుగా పనిలో ఒక జంట. డిసెంబరులో మా పై అధికారి కార్స్టెన్‌కు జట్టును బాగుచేయాలని బుద్ధి పుట్టింది. ఆర్హుస్ నుంచి పెర్నిల్లె అనే శిక్షకురాలిని పిలిపించాడు. ఆమె మనుషుల స్వభావాన్ని నాలుగు రంగుల్లో తేల్చేస్తుంది. గబగబా నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ఎరుపు, కబుర్ల పోగులు పసుపు, ఓర్పున్నవాళ్ళు ఆకుపచ్చ, లెక్క తప్పనివాళ్ళు నీలం. ఎవరి రంగేదో తెలిస్తే ఎవరికి ఏ పని ఇవ్వాలో తెలుస్తుందట. మాకు తలా ఒక ఫారం ఇచ్చింది. అందులో అరవై వాక్యాలు. ప్రతి వాక్యం పక్కనా ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళు. ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే ముమ్మాటికీ నిజం.

ఇక్కడి పశ్చిమ తీరంవాళ్ళ సంగతి నీకు తెలుసు. తన గురించి తాను మంచి చెప్పుకోవడం వీళ్ళకు ఒంటి మీద బట్టలు విప్పుకోవడంతో సమానం. తుఫానులో అరవై మీటర్ల ఎత్తున పని చేసి దిగినవాణ్ణి ఎలా జరిగిందని అడిగితే "పర్వాలేదు" అంటాడు. అలాంటి ఏడుగురు మగాళ్ళు తలలు వంచుకుని, గొప్పలు పోయినట్టు కాకూడదని, తమను తాము తిట్టుకున్నట్టూ కాకూడదని, వరసగా మూడో గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఎస్కిల్ అయితే అరవై వాక్యాలకూ మూడో గడిలోనే పెట్టాడు. నా గురించి చెప్పడానికి నేనెవర్ని అన్నాడు.

నేను ఏడో వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఎత్తులోనైనా, ఇరుకులోనైనా నా తల చల్లగా పనిచేస్తుంది." నా జవాబు నాకు తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. పెర్నిల్లె గడియారం చూసుకుంటోంది. గెర్డా అత్తయితే ఏం పెడుతుంది అనుకున్నాను. ఐదు, కాగితం చిరిగేంత గట్టిగా. పెట్టేశాను. ఇక అక్కణ్ణుంచి దారి చాలా సాఫీగా ఉంది. మిగతా యాభై మూడూ నీలాగే ఆలోచించి పది నిమిషాల్లో ముగించాను.

వారం క్రితం కంప్యూటరు తేల్చిన ఫలితాలు గోడకు అంటించారు, తలా ఒక రిపోర్టు కూడా ఇచ్చారు. ఏడుగురు ఆకుపచ్చ, ఒక్కదాన్నే ఎరుపు. ప్రతి జట్టుకూ ఇలాంటి మనిషి ఒకరు కావాలని పెర్నిల్లె మురిసిపోయింది. మార్చి నుంచి నన్ను రక్షణ బృందానికి నాయకురాలిని చేస్తానని కార్స్టెన్ అందరి ముందూ ప్రకటించాడు. అంటే పైన ఎవరికైనా ఏదైనా అయితే ముందుగా తాడు మీద అతని దగ్గరికి పోవాల్సింది నేను. మార్చి తొమ్మిదిన కసరత్తు. గాయపడ్డవాడిగా తాడుకు వేలాడబోయేది కార్స్టెనే. నూట ఎనిమిది కిలోలుంటాడు.

నేను చెయ్యలేను అత్తా. ఉత్తుత్తి కసరత్తు సంగతి ఎలా ఉన్నా, నిజంగా ఎవరైనా పైన వేలాడే రోజున నేను కదలలేకపోతే ఆ మనిషి ప్రాణం పోతుంది. వద్దని చెప్పాలంటే పరీక్షలో అబద్ధమాడానని ఒప్పుకోవాలి, ఎందుకు ఆడానో కూడా చెప్పాలి. ఫిబ్రవరి ఆఖరులోగా సంతకం పెట్టాలి. ఏం చెయ్యను?

నీ దోర్తె


రోనె,
20 జనవరి

పిల్లా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వీ నవ్వీ పొయ్యి మీద పాలు పొంగించుకున్నాను. పక్కింటావిణ్ణి పిలిచి మళ్ళీ చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడది ఏ రంగో మీ పెర్నిల్లెను అడుగు.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. అంటే ఇక్కడ పులిని నేనే కదా, చాలా సంతోషం. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాక ఒక కంపెనీ నన్ను నాయకురాలిగా ఎంచుకుంది, అదీ మొహం చూడకుండా. ముప్పై ఏళ్ళు ఓడ వంటగదిలో నలుగురు వంటవాళ్ళను పరిగెత్తించాను. అందులో ఒక్కడూ నాకు రంగుందని చెప్పిన పాపాన పోలేదు.

నవ్వింది చాలు. ఇప్పుడు విను. ఆ పని ఒప్పుకో. చెయ్యలేనని నువ్వే అనేసుకుంటే ఎలా? నీకు ధైర్యం లేదని ఎవరు చెప్పారు? నీకు తొమ్మిదేళ్ళప్పుడే నీ ధైర్యం నేను కళ్ళారా చూశాను. మీ అమ్మ పోయిన ఏడాది, మా తమ్ముడు, అదే మీ నాన్న, చేపల వేటకు పోయాడని నిన్ను నా దగ్గర ఉంచుకున్నాను. అక్టోబరులో ఆలుగడ్డలు తవ్వే కాలమని బడికి సెలవులిస్తే నాతోపాటు ఓడెక్కించాను. కోపెన్‌హాగెన్‌కు ఏడు గంటల ప్రయాణం. ఆ రోజు సముద్రం ఎలా లేచిందో నాకిప్పటికీ గుర్తు. గిన్నెలు ఎగిరొచ్చి నీ తలకు తగులుతాయని నిన్ను సరుకుల గదిలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టాను. ఏడు గంటలు! కిక్కురుమనలేదు. నేను తలుపు తీసేసరికి పిండి బస్తా విప్పి నేలంతా పోసుకుని ఆడుకుంటున్నావు. ఎలా ఉందే అంటే "బాగుంది" అన్నావు. ఓడలో మగాళ్ళు వాంతులతో నేల నాకుతుంటే నువ్వు పిండితో ఆడుకున్నావు.

నా ప్రతి పుట్టినరోజుకూ ఈ కథ చెబుతున్నాను, ఒక్కరు కూడా నవ్వకుండా ఉండలేదు. అలాంటి పిల్లవి, తాడు మీద ఒక లావుపాటి అధికారిని దింపలేవా?

ఆ రంగుల రిపోర్టు నాకు పంపు. పేరు నీదైనా సరుకు నాది. యంత్రం నా గురించి ఏమందో చూసుకునే హక్కు నాకుంది.

మీ అత్త గెర్డా


ఎస్‌బ్యెర్,
2 ఫిబ్రవరి

అత్తకు,

నాలుగు పేజీల రిపోర్టు దీంతో జత చేశాను. చదువుకుని మురిసిపో. రెండో పేజీలో నీ గొప్పలు చాలా ఉన్నాయి.

జట్టులో అందరూ నన్ను ఆటపట్టిస్తున్నారు. ఎవరో నా కాఫీ కప్పు తీసేసి ఎర్ర కప్పు పెట్టారు. నేను మాట్లాడబోతే "నాయకురాలు చెబుతోంది, వినండి" అంటారు. నవ్వాలని ప్రయత్నిస్తున్నాను. ఎస్కిల్ మాత్రం నవ్వడు. పోయిన వారం పడవలో నా పక్కన కూర్చుని, "నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. నాకది ఇష్టం లేదు," అన్నాడు. ఎస్కిల్ నోట అంత పొడవు మాట నేనెప్పుడూ వినలేదు.

వాడు దేని గురించి అన్నాడో నీకు చెప్పాలి. సెప్టెంబరులో ఒక రోజు గాలి నిమ్మళంగా ఉంది. స్తంభం లోపలి నిచ్చెనెక్కి, పైమూత తెరిచి, మర కప్పు మీదికి నేను ముందు ఎక్కాలి. వెయ్యిసార్లు చేసిన పని. సగం బయటికొచ్చాక చేతులు కడ్డీకి బిగుసుకుపోయాయి. వదలమంటే వదలవు. పైకీ లేదు, కిందికీ లేదు. నలభై నిమిషాలు అలాగే ఉన్నాను. ఎస్కిల్ నా కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుని డబ్బా విప్పి తన రొట్టె తిన్నాడు. తిన్నంతసేపూ వాళ్ళ ఇంటి వెనక షెడ్డు పైకప్పు ఎలా కారుతోందో చెబుతూనే ఉన్నాడు. వాడు చెబుతుండగా చేతులు వాటంతటవే వదులయ్యాయి. దిగాక ఆ రోజు పని రాసే కాగితం మీద "గాలి ఎక్కువ, పని వాయిదా" అని రాశాడు. అప్పట్నించి కప్పు మీది పనులన్నీ వాడే చేస్తున్నాడు, నేను లోపల ఉంటున్నాను. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు చెప్పు, నేను ఎవరినైనా ఎలా దింపుతాను?

దోర్తె


రోనె,
6 ఫిబ్రవరి

దోర్తె,

కార్డు మీద పట్టేంతే రాస్తాను.

రెండో పేజీ బాగుంది. మూడో పేజీలో కింద నుంచి మూడో పంక్తి చూడు: "చుట్టూ ఉన్నవాళ్ళు భయపడుతున్నా ఈ వ్యక్తి గమనించకపోవచ్చు." ఇది యంత్రం తనంతట తాను అన్నదా, నువ్వు టిక్కు పెడితే అన్నదా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నానని అనుకోకు. ఊరికే అడుగుతున్నాను.

నీ చేతులు బిగుసుకుపోయిన సంగతి మూడుసార్లు చదివాను, నాకు అర్థం కాలేదు. నీకు భయమంటే తెలియదు కదా.

గెర్డా


ఎస్‌బ్యెర్,
13 ఫిబ్రవరి

అత్తా,

టిక్కు నేనే పెట్టాను. ముప్పై ఎనిమిదో వాక్యం. "నా దగ్గరివాళ్ళకు భయమేస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది." నీలాగే ఆలోచిస్తూ వేగంగా పోతున్నాను. ఒకటో గడిలో పెట్టి తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయాను. ఆలోచించలేదు, నిన్ను తప్పుపట్టాలని కూడా అనుకోలేదు. అడిగావు కాబట్టి ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆ టిక్కు సరైనదే.

నీకు కోపం వస్తుంది. రానీ. నేను చెప్పకపోతే ఈ ఉత్తరాలు రాయడం ఎందుకు?

ఆ సరుకుల గది కథ నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను అందరితోపాటు నవ్వాను. ఇరవై ఏడేళ్ళుగా నవ్వుతున్నాను. అత్తా, నేను పిండితో ఆడుకోలేదు. మొదటి గంటలోనే దీపం పోయింది. బస్తాలు ఒకదాని మీద ఒకటి జారిపడుతున్నాయి. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. ఓడ మునిగిపోతోందని, నేనున్నట్టు ఎవరికీ గుర్తులేదని అనుకున్నాను. అరుద్దామంటే గొంతు రాలేదు. బట్టల్లోనే ఒంటికి పోసుకున్నాను. గది తడిసిపోయింది. నీ సరుకుల గది ఎంత శుభ్రంగా ఉండాలో, చిన్న మరక కనిపిస్తే వంటవాళ్ళను ఎలా కేకలేసేదానివో చూశాను కదా. అందుకని ఓడ కుదురుకున్నాక తడుముకుంటూ ఒక బస్తా మూతి విప్పి, ఆ తడి మీద పిండి పోశాను. చాలక ఇంకా పోశాను. నా గౌను మీద కూడా పూసుకున్నాను.

తలుపు తీసి నువ్వు నవ్వావు. అందరినీ పిలిచి చూపించావు. ఎలా ఉందే అని అడిగినప్పుడు నేను "బాగుంది" అనక ఇంకేమనాలి?

నువ్వు నన్ను ప్రేమగా పెంచావు. అందులో నాకెప్పుడూ అనుమానం లేదు. కానీ నాకు భయమంటే తెలియదని నువ్వు చెప్పగా చెప్పగా, భయమేసినప్పుడల్లా దాన్ని ఎవరికీ కనపడకుండా కప్పెయ్యడం నాకు అలవాటైంది. సెప్టెంబరులో కప్పలేకపోయాను, అంతే.

సంతకానికి ఇంకా పదిహేను రోజులుంది.

దోర్తె


రోనె,
27 ఫిబ్రవరి

దోర్తె తల్లీ,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు ఎందుకు ఆలస్యమైందంటే మూడు ఉత్తరాలు రాసి పొయ్యిలో వేశాను. మొదటి దానిలో నన్ను నేను వెనకేసుకొచ్చాను. మూడు వందల మంది ప్రయాణికులు, నలుగురు వంటవాళ్ళు, మరుగుతున్న పులుసు, నేనేం చేస్తానని. రెండో దానిలో నిన్ను తిట్టాను, ఇన్నేళ్ళూ నోరెందుకు మెదపలేదని. మూడోది ఏడుపు. నీకు నా ఏడుపు కూడా మొయ్యాల్సిన పని లేదు. ఇది నాలుగోది.

తప్పు నాది. గొళ్ళెం పెట్టింది నేను. ఏడు గంటల్లో ఒక్కసారి వచ్చి తలుపు తట్టి పేరు పెట్టి పిలిచినా సరిపోయేది. వంటగది నుంచి ఆ తలుపుకు తొమ్మిది అడుగులు. పిలవాలని తోచలేదు. అంతకంటే పెద్ద తప్పు, దాన్ని నవ్వులాట చేసి ఇరవై ఏడు పుట్టినరోజులు నీ ముందే వడ్డించాను.

నాకూ ఆ రోజు భయమేసిందని రాస్తే నీకు ఊరటగా ఉంటుందని పక్కింటావిడ అంది. అవును, ఆవిడకు చెప్పాను. నువ్వు రాసింది కాదు, నేను చేసింది. కానీ నీకు అబద్ధం రాయను. నాకు భయం వెయ్యలేదు. సముద్రం లేస్తే నాకు హుషారు పుడుతుంది, నా పుట్టుకే అంత. భయం ఎలా ఉంటుందో నాకు తెలిసుంటే నీ మొహంలో దాన్ని గుర్తుపట్టేదాన్నేమో. గుర్తుపట్టలేదు. నన్ను క్షమించు.

ఇక నీ సంతకం సంగతి. ఒప్పుకోమని ఆ రోజు నేను రాసింది కొట్టెయ్. వద్దనమని కూడా రాయను. నీ సగం జీవితం నా నోటితో నేనే చెప్పేశాను, ఇక చాలు. కాకపోతే ఒకటి అడగాలనుంది. ఆ ఏడు గంటల్లో నీకు ఏ గంట కష్టంగా గడిచింది? చెప్పాలనిపిస్తేనే చెప్పు. మధ్యలో అడ్డురాను. ఉత్తరం కాబట్టి రాలేను కూడా.

ఇంకొకటి. ఆ అరవై వాక్యాల ఫారం ఖాళీది దొరికితే పంపు.

మీ అత్త


ఎస్‌బ్యెర్,
12 మార్చి

అత్తా,

చివరి గంట. ఓడ ఊగడం ఆగిపోయింది, బయట గిన్నెల చప్పుడు, నీ నవ్వు వినిపిస్తున్నాయి. అంతా అయిపోయినా తలుపు తెరుచుకోలేదు. ఇక నేను నీకు గుర్తు లేనని అనుకున్నాను. తుఫాను కంటే అదే కష్టంగా ఉంది.

అడిగినందుకు నాకెంత హాయిగా ఉందో రాయలేను. నీ ఉత్తరం మార్చి ఒకటిన వచ్చింది. సంతకం గడువు దాటినా కార్స్టెన్ కాగితం నా బల్ల మీదే ఉంచాడు, నేను మర్చిపోయానేమోనని. మూడో తారీఖు శుక్రవారం. మా దగ్గర శుక్రవారాలు వంతులవారీగా ఒకరు రొట్టెలు, వెన్న, జున్ను తేవాలి, అందరూ కూర్చుని తినాలి. ఆ రోజు వంతు నాది. నాలుగు రకాల రొట్టెలు తెచ్చాను. చెడ్డ వార్త చెప్పబోయేవాళ్ళు ఎక్కువ తెస్తారని ఎస్కిల్ తర్వాత అన్నాడు.

అందరూ వెన్న రాసుకునేదాకా ఆగి చెప్పాను. "నాకు పైన భయమేస్తోంది. సెప్టెంబరు నుంచి నేను కప్పు మీదికి ఎక్కలేదు. ఆ పరీక్షలో జవాబులు నావి కావు, మా అత్తవి."

  అప్పుడు ఎస్కిల్ కత్తి కింద పెట్టి, "ఆ రోజు గాలి లేదు. కాగితం మీద అబద్ధం రాసింది నేను," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. కార్స్టెన్ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "మీ అత్త తొమ్మిదో తారీఖున ఖాళీయేనా?" అని అడిగాడు.

అత్తా, నేను అంతలా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు. నవ్వు ఏడుపైంది, ఎవరూ పట్టించుకోనట్టు జున్ను నా వైపు తోశారు.

ఆ తర్వాత ఒకరొకరే నోరు విప్పారు. ఫారం నింపేటప్పుడు ఒక్కరు కూడా నిజం రాయలేదట. గొప్పలు పోయినట్టుంటుందని మంచివన్నీ తగ్గించారు, సానుభూతి అడుక్కున్నట్టుంటుందని చెడ్డవీ తగ్గించారు. గోడ మీద ఏడు ఆకుపచ్చలు అలా మొలిచాయి. మరి నాయకుణ్ణి ఎలా ఎంచుకోవాలని కార్స్టెన్ తల పట్టుకున్నాడు. అప్పుడు ఎస్కిల్, ఎవడి గురించి వాణ్ణి అడిగితే ఇక్కడ జవాబు రాదు, పక్కవాడి గురించి అడిగి చూడమన్నాడు. రొట్టెల సంచీ చింపి తలా ఒక ముక్క పంచాడు. నువ్వు తాడు మీద వేలాడుతుంటే నీ కోసం ఎవరు రావాలో ఒక్క పేరు రాయి. అంతే ప్రశ్న.

అర నిమిషంలో అందరూ రాసేశారు. ఎనిమిది ముక్కల్లో ఏడింటి మీద ఎస్కిల్ పేరుంది. పరీక్షలో అన్నిటికీ మూడో గడిలోనే పెట్టిన మనిషి. ఎనిమిదో ముక్క మీద నా పేరుంది. ఎస్కిల్ చేతిరాత నాకు తెలుసు. పొరపాటున రాశావా అని అడిగాను. "లేదు. నలభై నిమిషాలు పట్టుకున్నావు, ఒక్క క్షణం వదల్లేదు. నాకు అలాంటి మనిషే కావాలి," అన్నాడు.

కార్స్టెన్ సెప్టెంబరు కాగితం సరిచేయించాడు. మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచి గట్టిగానే మందలించాడు. మందలించాక, ఆర్నెల్లు ఒకరి పని ఒకరు ఎలా సర్దుకున్నారని అడిగి తెలుసుకున్నాడు. నా ఉద్యోగం పోలేదు. కప్పు మీది పని నాకు కొంతకాలం లేదు. వారానికి రెండు రోజులు ఓడరేవులోని చిన్న స్తంభం మీద శిక్షణ, డాక్టరుతో మాటలు. పెర్నిల్లె ఫోన్ చేసి, తన పద్ధతికి ఇలాంటి జట్టు ఎప్పుడూ తగల్లేదంది. కోపంగా అనలేదు. రొట్టెల సంచీ ప్రశ్నను రాసుకుందట.

తొమ్మిదో తారీఖు కసరత్తులో ఎస్కిల్ తాడు మీద వెళ్ళాడు, కింద తాడుకు పట్టు నాది. నూట ఎనిమిది కిలోలూ మెల్లగా నేల మీద ఆన్చాను. నిన్న చిన్న స్తంభం మీద సగం దాకా ఎక్కి ఆగాను. "ఇక్కడ చాలు, నాకు భయంగా ఉంది," అని పైకే అన్నాను. శిక్షకుడు సరే అన్నాడు, ఇద్దరం దిగాం. ఇంటికొచ్చాక పదకొండు గంటలు నిద్రపోయాను.

నువ్వు అడిగిన ఖాళీ ఫారం జత చేశాను. నిజమే రాసుకో, గొప్పలు తగ్గించుకోకు.

నీ దోర్తె


రోనె,
25 మార్చి

దోర్తె తల్లీ,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపునిండా భోంచేశాను. ఆ చివరి గంట గురించి నువ్వు రాసింది రోజూ ఒకసారి చదువుకుంటున్నాను. గంటకోసారి కాదు, కంగారుపడకు. నాకు కావాలనే చదువుకుంటున్నాను. మీ ఎస్కిల్‌కు చేపల పొట్లం వేరే పంపాను. తినమని చెప్పు, కృతజ్ఞతలు గట్రా రాయొద్దని కూడా చెప్పు.

ఫారం నింపి తిరిగి పంపుతున్నాను. నా కోసం అడిగానని అనుకున్నావు కదా. నా సంగతి నువ్వు పెట్టిన టిక్కుల్లో అంతా ఉంది, ఇక నాకెందుకు? ఇది నీది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దోర్తె అయితే ఏం పెడుతుంది అని ఆలోచించాను. నువ్వు నా గురించి పది నిమిషాల్లో యాభై మూడు పూర్తిచేశావు. నేను నాలుగు రోజులు కూర్చుని పంతొమ్మిది చెయ్యగలిగాను. నువ్వు గుంపులో ఉండటానికి ఇష్టపడతావా, ఒంటరిగానా? కోపం వస్తే ఏం చేస్తావు? నీకు తోచింది పైకి చెబుతావా, దాచుకుంటావా? ముప్పై ఆరేళ్ళ పిల్లవి, నా చేతుల్లో పెరిగినదానివి, నాకు తెలియలేదు. నలభై ఒక్క వాక్యాల పక్కన గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఈస్టరుకు ఇక్కడికి రా. నువ్వు మాట్లాడు, నేను పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను.

ఒక్క వాక్యం మాత్రం చూడు, యాభై రెండోది. "నాకు భయమేస్తే పక్కవాళ్ళకు చెబుతాను." మొదటి రోజు దానికి ఒకటి పెట్టాను, నమ్మకంగానే పెట్టాను. తర్వాత నీ ఉత్తరంలో ఆ సగం స్తంభం సంగతి మళ్ళీ చదివాను. రబ్బరు తీసుకుని ఆ టిక్కు చెరిపేసి ఐదో గడిలో పెట్టాను. గట్టిగా రుద్దడంతో కాగితం అక్కడ కొంచెం చిరిగింది, ఏమనుకోకు.

మీ అత్త గెర్డా